స్ప్రింగ్‌బ్యాంక్ 'రెండున్నర సార్లు' లెక్క ఏమిటి, ఆ మెకానిక్ షెడ్డు వాసన ఎక్కడిది?

మీరు అడిగింది ఇది: బావగారు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన స్ప్రింగ్‌బ్యాంక్ 10 ఏళ్ల విస్కీ సీసా తెరిచారు. మూత తీయగానే కాల్చిన అగ్గిపుల్ల, ఇంజిన్ ఆయిల్, తడి గోనెసంచి కలిసిన వాసన వచ్చింది. సీసా పాడైందా? దీన్ని రెండున్నర సార్లు డిస్టిల్ చేస్తారని చదివారు. అరసారి వండటం ఎలా కుదురుతుంది? ఇంకోటి కొందామంటే ఎక్కడా లేదు, ఎందుకని?

సీసా పాడవలేదు. ఆ వాసన కోసమే జనం దీని వెంట పడతారు. 'రెండున్నర' అంటే మూడోసారి వండటం మధ్యలో ఆపేయడం కాదు. స్పిరిట్‌లో ఎక్కువ భాగం మూడుసార్లు, కొంత భాగం రెండేసార్లు వండుతారు. రెండూ కలిసేసరికి సగటు మధ్యలో ఎక్కడో తేలుతుంది. ఇక దొరక్కపోవడానికి కారణం, బార్లీ మొలకెత్తించడం దగ్గర్నుంచి సీసాలో నింపడం దాకా అన్నీ ఒకే ఆవరణలో, చాలావరకు చేత్తో చేయడం. ఆ పద్ధతిలో ఉత్పత్తి పెంచడం అంత తేలిక కాదు.

ముందు లెక్క చూద్దాం, ఎక్కువమంది తడబడేది అక్కడే.

స్ప్రింగ్‌బ్యాంక్‌లో మూడు రాగి స్టిల్స్, అంటే వంట పాత్రలు, ఉన్నాయి. ఒకటి పెద్దది, సుమారు 10,000 లీటర్ల వాష్ స్టిల్. మిగతా రెండూ దానికంటే చిన్నవి, లో వైన్స్ స్టిల్స్. పులిసిన బార్లీ ద్రవాన్ని, అంటే వాష్‌ను, పెద్దదాంట్లో వండితే వచ్చేది లో వైన్స్. మామూలు స్కాచ్ డిస్టిలరీలో దీన్నంతా ఇంకోసారి వండేస్తే పని అయిపోతుంది. ఇక్కడ అలా కాదు. లో వైన్స్‌లో ఎక్కువ భాగాన్ని మొదటి చిన్న స్టిల్‌లో వండి ఫీంట్స్ అనే ఘాటైన ద్రవం చేస్తారు. తక్కినదాన్ని పక్కన ఉంచుతారు. చివరి స్టిల్‌లోకి పోసేది 80 పాళ్లు ఫీంట్స్, 20 పాళ్లు ఆ పక్కన ఉంచిన లో వైన్స్.

చివరి స్టిల్‌లో 100 లీటర్లు పోశారనుకోండి. అందులో 80 లీటర్లకు అది మూడో వంట, 20 లీటర్లకు రెండో వంట. 80ని 3తో, 20ని 2తో గుణించి కలిపితే 280. వందతో భాగిస్తే 2.8. కాబట్టి కాగితం మీద ఇది రెండున్నర కాదు, 2.8. పైగా ఫీంట్స్‌లో ఆల్కహాల్ లో వైన్స్‌లో కంటే బాగా ఎక్కువ కనుక, లీటర్లలో కాకుండా ఆల్కహాల్‌లో లెక్కిస్తే మూడుకి ఇంకా దగ్గరపడుతుంది. 'రెండున్నర' అన్నది నోటికి తేలిగ్గా ఉండే మాట, అంతే. స్పేసైడ్ అనే మరో స్కాచ్ ప్రాంతంలో మోర్ట్‌లాక్ డిస్టిలరీ వాళ్లు ఇలాంటి లెక్కనే 2.81 అని దశాంశాలతో సహా చెప్పుకుంటారు.

ఇంత తిప్పలు ఎందుకంటే, మూడుసార్లు వండితే స్పిరిట్ పలచగా, శుభ్రంగా, పండ్ల వాసనతో వస్తుంది. రెండుసార్లే వండితే బరువుగా, నాలుక మీద నూనెలా జారుతుంది. ఆ 20 పాళ్ల లో వైన్స్ చివర్లో కలపడంతో పోగొట్టుకున్న నూనెతనం కొంత వెనక్కి వస్తుంది. తాళింపు విడిగా వేసి చివర్న పప్పులో కలిపినట్టు. పాళ్లు చిన్నవే, వాసన పెద్దది.

అయితే ఈ సీసా గుణమంతా 2.8 లెక్కకే కట్టబెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. నన్నడిగితే అసలు పని దానికి ముందే సగం జరిగిపోతుంది, మొలక గదిలోనూ పులియబెట్టే తొట్టెల్లోనూ.

మొలక. మనకు రాగి మాల్ట్ తెలుసు కదా, గింజ నానబెట్టి, మొలక తెప్పించి, ఎండబెట్టి పిండి చేసేది. బార్లీ మాల్ట్‌దీ అదే సూత్రం. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగలుగుతాయి. నేడు స్కాట్లాండ్‌లో దాదాపు అన్ని డిస్టిలరీలూ మాల్ట్‌ను పెద్ద ఫ్యాక్టరీల నుంచి లారీల్లో తెప్పించుకుంటాయి. స్ప్రింగ్‌బ్యాంక్ తనకు కావలసిన మాల్ట్ మొత్తం తన నేల మీదే చేసుకుంటుంది. మధ్యలో ఆగిపోయిన ఈ పనిని 1992లో మళ్లీ మొదలుపెట్టారు.

బార్లీని నానబెట్టి తేమను 12 శాతం నుంచి 45 శాతం దాకా తెచ్చి, చావిడి లాంటి పెద్ద గదిలో నేల మీద మందంగా పరుస్తారు. వారం అటూ ఇటూగా అలా ఉంచి, రోజుకు చాలాసార్లు, రాత్రిళ్లు కూడా, చెక్క పారలతో తిరగేస్తారు. ఆలస్యమైతే రెండు తప్పులు జరుగుతాయి. మొలకలు విడుదల చేసే వేడి అడుగున చేరి ఆ పొర అతిగా మొలకెత్తుతుంది, చక్కెర కావలసిన పిండిని మొక్కే తినేస్తుంది. రెండోది, వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని చాపలా గట్టిపడతాయి, ఆ గడ్డల్లో గాలాడక బూజు పడుతుంది. పూర్వం ఈ పార పనితో ఒక భుజం కిందికి జారి ఉండిపోయేదట, దానికి 'మంకీ షోల్డర్' అని పేరు. ఇప్పుడు ఆ పేరుతో ఓ విస్కీ కూడా అమ్ముతున్నారు.

ఎండబెట్టేది కిల్న్ అనే బట్టీ మీద. పీట్ అనేది అక్కడే ప్రవేశిస్తుంది. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా గడ్డీ నాచూ కుళ్లి గట్టిపడిన నల్లటి మట్టి అది. తవ్వి, ఎండబెట్టి, మన పిడకల్లా కాలుస్తారు. తడి గింజకే పొగ బాగా పడుతుంది, ఆరిపోయాక ఎంత పొగ పెట్టినా లాభం లేదు. కాబట్టి పొగ ఎప్పుడూ ముందు, వేడిగాలి తర్వాత. ఈ ఒక్క డిస్టిలరీ నుంచే మూడు పేర్లతో విస్కీలు వస్తాయి, మూడింటికీ ఎండబెట్టే తీరు వేరు:

స్ప్రింగ్‌బ్యాంక్: 6 గంటలు పీట్ పొగ, ఆ తర్వాత ఒక రోజు దాకా వేడిగాలి. పైన చెప్పిన 'రెండున్నర' పద్ధతి. ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఇదే.

లాంగ్‌రో: 48 గంటల దాకా పీట్ పొగే. రెండుసార్లు మాత్రమే వండుతారు. 1973లో ప్రయోగంగా మొదలైంది.

హేజెల్‌బర్న్: పొగ అసలు లేదు, 30 గంటలు వేడిగాలి. పూర్తిగా మూడుసార్లు వండుతారు. 1997 నుంచి.

అదే నేల, అదే నీళ్లు (క్రాస్‌హిల్ లాక్ అనే చెరువువి), అవే స్టిల్స్. మూడు సీసాలు పక్కపక్కన పెట్టుకుని తాగగలిగితే పొగ వల్ల ఏమొచ్చింది, వంటల సంఖ్య వల్ల ఏమొచ్చింది అన్నది పాఠ్యపుస్తకం అక్కర్లేకుండా తెలిసిపోతుంది.

పులియబెట్టడం. ఒక విడతకు మూడున్నర టన్నుల మాల్ట్‌ను రవ్వలా మరపట్టి, పైకప్పు లేని పాత పోత ఇనుము తొట్టెలో వేడినీళ్లతో కలిపి తీపినీళ్లు తీస్తారు. అవి దాదాపు 21,000 లీటర్లు. అక్కడి నుంచి లార్చ్ చెక్కతో చేసిన ఆరు తొట్టెల్లో ఒకదానిలోకి. ఈస్ట్ వేశాక దాని పని రెండు రోజుల్లో దాదాపు ముగుస్తుంది. లీటర్లే ముఖ్యమనుకునే ఫ్యాక్టరీ అప్పుడే తీసి వండేస్తుంది. ఇక్కడ 70 గంటల నుంచి 110 గంటల దాకా ఆగుతారు. ఈస్ట్ అలసిపోయాక లాక్టిక్ బ్యాక్టీరియా పని మొదలవుతుంది. చెక్క సందుల్లో దానికి శాశ్వత నివాసం ఉంటుంది, స్టీలు తొట్టెను కడిగినంత నున్నగా చెక్కను కడగలేరు. పెరుగు తోడుకోవడానికీ దోసెపిండి పులవడానికీ కారణమైన కుటుంబమే ఇది. పుల్లదనం పెరిగి, ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి పైనాపిల్, మగ్గిన పండు లాంటి వాసనలు తయారవుతాయి.

దీనికి మూల్యం ఉంది. తీపినీళ్లు పలచగా తీస్తారు కాబట్టి పులిశాక ఆల్కహాల్ సుమారు 5 శాతమే. చాలా డిస్టిలరీల్లో అది 8 శాతం దాకా ఉంటుంది. అంటే అదే ఇంధనం, అదే శ్రమ, చేతికొచ్చే స్పిరిట్ తక్కువ. అకౌంటెంట్ చూస్తే తల పట్టుకునే లెక్క.

మంట, గొట్టం. మీ ఇంజిన్ ఆయిల్ వాసనకు జవాబు ఇక్కడుంది. వాష్ స్టిల్ కింద నేరుగా ఆయిల్ మంట పెడతారు, లోపల ఆవిరి గొట్టాలూ ఉంటాయి. ఇప్పటికీ అడుగున మంట పెట్టేవి స్కాట్లాండ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాష్‌లో ఈస్ట్ మడ్డి, గింజ నలుసులు ఉంటాయి. నేరు మంటకు అవి అడుగంటుతాయి. పాలు కాచేటప్పుడు గరిటె తిప్పుతూ ఉంటామే, అలాగే స్టిల్ లోపల అడుగున రాగి గొలుసులు తిరుగుతూ గోకుతుంటాయి, దాన్ని రమేజర్ అంటారు. అది ఆగితే మాడువాసన ఆ విడత మొత్తానికీ అంటుకుంటుంది. సరిగ్గా తిరిగితే మాడకుండా 'వేగిన' రుచి వస్తుంది, గొలుసుల రాపిడికి కొత్త రాగి కూడా బయటపడుతూ ఉంటుంది.

రాగి ఎందుకంత ముఖ్యమంటే, స్పిరిట్‌లోని గంధకపు వాసనలను అది పట్టేసుకుంటుంది. ఆవిరి రాగిని ఎంతసేపు తాకితే స్పిరిట్ అంత తేటగా ఉంటుంది. ఇప్పటి కండెన్సర్‌లో ఆవిరి వందలాది సన్నటి రాగి గొట్టాల మీదుగా పోతుంది. పాత పద్ధతి వార్మ్ టబ్, అంటే చల్లటి నీళ్ల తొట్టెలో పాములా చుట్టిన ఒకే రాగి గొట్టం. అందులో ఆవిరి చప్పున ద్రవమైపోతుంది, రాగిని తాకే సమయం తక్కువ, గంధకం మిగిలిపోతుంది. చలికాలంలో నీళ్లు మరీ చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ మిగులుతుంది. స్ప్రింగ్‌బ్యాంక్ రెండు లో వైన్స్ స్టిల్స్‌లో ఒకదానికి ఇప్పటికీ వార్మ్ టబ్ ఉంది. మీ అగ్గిపుల్ల వాసనకు మొదటి అనుమానితుడు అదే, రెండో అనుమానితుడు షెర్రీ పీపా, అంటే ముందు షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉండి, తర్వాత విస్కీ నిల్వకు వాడేది. పూర్వం పీపాలను శుభ్రంగా ఉంచడానికి లోపల గంధకం వెలిగించేవాళ్లు, ఆ వాసన కొన్నిసార్లు అలాగే నిలిచిపోతుంది.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి సమీక్షలోనూ 'సముద్రపు ఉప్పు' అని ఉంటుంది. డిస్టిలరీ రేవు ఊరిలో ఉన్న మాట నిజమే. కానీ ఉప్పు ఆవిరై గొట్టం దాటి రాదు. నాలుకకు ఉప్పులా తోచేది పొగ, ఆమ్లం, నూనెతనం కలిసి పుట్టించే భ్రమ అని నా అభిప్రాయం. భ్రమైనా బాగానే ఉంటుంది, కాదనను.

ఇప్పుడు ఊరి కథ. అది లేకుండా ఈ పాత సామాను ఇంకా ఎందుకు నడుస్తోందో అర్థం కాదు.

డిస్టిలరీ ఉన్న క్యాంప్‌బెల్‌టౌన్ స్కాట్లాండ్ పశ్చిమాన కింటైర్ అనే పొడుగాటి ద్వీపకల్పం కొసన ఉంది. రోడ్డు మీద గ్లాస్గో చాలా దూరం, ఓడలో దగ్గర. చుట్టూ బార్లీ పొలాలు, పీట్, పక్కనే డ్రమ్లెంబుల్ బొగ్గు గని, ముందు మంచి రేవు. ఇక కావలసిందేముంది? 1823లో ఎక్సైజ్ చట్టం మారి లైసెన్సు తీసుకోవడం గిట్టుబాటు అయ్యేదాకా ఊళ్లో చాలామందిది దొంగ బట్టీ వ్యాపారమే. ఆర్చిబాల్డ్ మిచెల్ దొంగ బట్టీ ఉన్న స్థలంలోనే 1828లో లైసెన్సుతో స్ప్రింగ్‌బ్యాంక్ వెలిసింది. కట్టించింది వాళ్ల వియ్యాలవారైన రీడ్ కుటుంబం. వాళ్లు ఇబ్బందుల్లో పడటంతో 1837లో మిచెల్ సోదరులు జాన్, విలియం కొన్నారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా బయటి కంపెనీ చేతికి పోలేదు.

1880లలో ఆల్ఫ్రెడ్ బార్నార్డ్ అనే రచయిత డిస్టిలరీలన్నీ తిరుగుతూ ఈ ఊరికి వచ్చినప్పుడు 21 పనిచేస్తున్నాయి. 1934 నాటికి మిగిలినవి రెండే: స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా. ఏమైందంటే అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం. పన్నులు పెరిగాయి. 1929లో బొగ్గు గని మూతపడింది. రకరకాల విస్కీలు కలిపి అమ్మే బ్లెండర్లు బరువైన క్యాంప్‌బెల్‌టౌన్ విస్కీని వదిలి తేలికైన స్పేసైడ్ వైపు తిరిగారు. పైగా గిరాకీ ఉన్న రోజుల్లో తొందరపడి నాసిరకం సరుకు పంపి ఊరి పేరు చెడగొట్టుకున్నారు. హెర్రింగ్ చేపల పీపాల్లో విస్కీ పోశారని కూడా చెప్పుకుంటారు, దాన్ని నేను కథగానే వింటాను.

ఇక్కడే జపాన్ ముచ్చట ఒకటి. మసతక తాకెత్సురు 1920లో ఇదే ఊరి హేజెల్‌బర్న్ డిస్టిలరీలో పని నేర్చుకున్నాడు. వెళ్లి మొదట యమజాకిలో పనిచేసి, తర్వాత 1934లో సొంతంగా యోయిచి డిస్టిలరీ పెట్టాడు. అదే నేటి నిక్కా. యోయిచిలో స్టిల్స్ కింద బొగ్గు మంట పెట్టే పద్ధతి ఇంకా ఉంది. పాఠం చెప్పిన హేజెల్‌బర్న్ మాత్రం 1925లోనే మూతపడింది. ఇప్పుడు సీసా మీద ఉన్న హేజెల్‌బర్న్ అదే పేరును నిలబెట్టడానికి స్ప్రింగ్‌బ్యాంక్ వాళ్లు పెట్టుకున్నది. లాంగ్‌రో కూడా అంతే, 1896లో పోయిన పక్కింటి డిస్టిలరీ పేరు.

స్ప్రింగ్‌బ్యాంక్ కూడా సుఖంగా బతకలేదు. 1926 నుంచి 1933 దాకా మూత. 1979 తర్వాత స్కాట్లాండ్ అంతా అమ్ముడుపోని సరుకుతో 'విస్కీ సరస్సు' అయినప్పుడు దాదాపు పదేళ్లు ఇక్కడ పని లేనట్టే. డబ్బు లేక, ఓనరుకు మనసూ లేక పాత యంత్రాలు మార్చలేదు. పెద్ద కంపెనీ చేతిలో పడి ఉంటే 1960లలోనే మాల్టింగ్ నేల తీసేసి, స్టిల్స్ ఆవిరికి మార్చి, వార్మ్ టబ్ పాత ఇనుముకు అమ్మేసేవారు. చాలాకాలం దీన్ని నడిపిన హెడ్లీ రైట్ మిచెల్ వంశం వాడే. 2023లో పోయాడు, డిస్టిలరీ అమ్ముడుపోకుండా ట్రస్టుల చేతిలో పెట్టి.

కొరత గురించి ఇక ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏడాదికి 7.5 లక్షల లీటర్ల ఆల్కహాల్ తీయగల సామర్థ్యం ఉందంటారు గానీ నిజంగా తీసేది దానికి చాలా తక్కువ, మాల్టింగ్ నేల అంతకుమించి ఇవ్వదు. మీ చేతిలో ఉన్న 10 ఏళ్ల సీసాలోది కనీసం పదేళ్ల కిందట వండింది, ఇవాళ గిరాకీ పెరిగిందని నిన్నటి పీపా పెరగదు. అందుకే దుకాణాల్లో లాటరీలు, వేలంలో రెట్టింపు ధరలు.

10 ఏళ్ల సీసాకు వేలం ధర పెట్టకండి. దాని బదులు కిల్‌కెరన్ 12 చూడండి. స్ప్రింగ్‌బ్యాంక్ వాళ్లే పక్కనున్న గ్లెన్‌గైల్ డిస్టిలరీని 2004లో తిరిగి తెరిచి తీస్తున్న విస్కీ అది. మాల్ట్ స్ప్రింగ్‌బ్యాంక్ నేల మీద చేసిందే, పనివాళ్లూ వాళ్లే, వంట మాత్రం రెండుసార్లు. ఇదీ మీ సీసాలాగే 46 శాతం ఆల్కహాలే.

తాగే విషయం. మన దగ్గర మామూలుగా దొరికే విస్కీల్లో ఎక్కువ భాగం చెరకు మొలాసిస్ స్పిరిట్‌తో చేసినవి, కాస్త మాల్ట్ కలిపి. వాటికి అలవాటుపడిన ముక్కుకు ఇది మొదటిరోజు వింతగానే ఉంటుంది. 30 మిల్లీలీటర్లు సన్నమూతి గ్లాసులో పోసి 15, 20 నిమిషాలు వదిలేయండి. గంధకం ముందు ఎగిరిపోతుంది, కింద ఉన్న పియర్, తేనె, తోలు అప్పుడు తేలతాయి. తర్వాత అర టీస్పూను నీళ్లు. సోడా వేస్తే కష్టమంతా సోడాలో పోసినట్టే.

నీళ్లో ఐసో వేయగానే మసకబారితే భయపడకండి. దీన్ని చలువలో వడకట్టరు, కృత్రిమ రంగు కలపరు. 46 శాతం కిందికి దిగినా చల్లబడినా నూనెలు బయటపడి తెల్లగా కనిపిస్తాయి. సీసాను నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే స్పిరిట్ కార్కును తినేస్తుంది. హైదరాబాదు ఎండాకాలంలో కిటికీ పక్క షోకేసు వద్దు, బీరువా అడుగు అర మేలు. మూడోవంతుకు దిగాక మిగిలింది చిన్న గాజు సీసాలోకి మార్చండి, లేకపోతే గాలి పండ్ల వాసనను ముందు తినేసి పొగనే మిగులుస్తుంది.

రెండు వారాలు తెరిచి పెట్టాక కూడా అగ్గిపుల్లే తప్ప ఇంకేం తెలియకపోతే అది మీ విడతలో పడిన షెర్రీ పీపాల పుణ్యం. విడతకూ విడతకూ తేడా ఇక్కడ మామూలే. సీసా మీద ముద్రించిన కోడ్‌లో సీసా నింపిన తేదీ ఉంటుంది, రాసి పెట్టుకోండి, బావగారు మళ్లీ వెళ్తే వేరే తేదీది తెమ్మని చెప్పొచ్చు.